ప్యాకెట్ పోతేనే కాల్ నిలుస్తుంది

హనుమకొండ నుంచి వచ్చిన ఒక ఉత్తరం ఈ నెల మిగతా ప్రశ్నలన్నిటినీ పక్కన పెట్టించింది. ఇంట్లో 40 ఎంబీపీఎస్ ఇంటర్నెట్ ఉందట. స్పీడ్ టెస్ట్ పెడితే నలభైకి నలభై చూపిస్తుందట. యూట్యూబ్‌లో సినిమా ఎక్కడా ఆగదు. కానీ కొడుకు ఫోన్లోని పెళ్లి వీడియోలు క్లౌడ్‌కి ఎక్కడం మొదలైతే చాలు, డాలస్‌లో ఉన్న కూతురితో మాట్లాడే వీడియో కాల్ ముక్కలు ముక్కలైపోతుందట. "నాలుగు యాంటెన్నాల రౌటర్ ఆరు వేలకిస్తానంటున్నాడు షాపతను, తీసుకోమంటారా?" అని అడిగారాయన.

తీసుకోవద్దు. తీసుకోవాల్సి వచ్చినా యాంటెన్నాలు లెక్కపెట్టి కాదు.

కాస్త ప్రాథమిక విషయం, త్వరగా ముగిస్తాను. నెట్‌లో ఏది పంపినా అది సాధారణంగా 1,500 బైట్లు మించని ప్యాకెట్లుగా విడిపోయి వెళ్తుంది. సెకనుకు ఎన్ని బిట్లు పోతున్నాయన్నది స్పీడు. ఒక ప్యాకెట్ పోయి దాని జవాబు రావడానికి ఎంతసేపు పట్టిందన్నది లేటెన్సీ. మన ప్లాన్లమీద అచ్చయ్యేది మొదటిది, మాటలు తెగకుండా ఉండటానికి కావలసింది రెండోది. గాజు ఫైబర్‌లో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు వెళ్తుంది. హైదరాబాద్‌కీ డాలస్‌కీ మధ్య తిన్నగా కొలిచినా 14 వేల కిలోమీటర్ల పైమాటే కనుక, ఎంత గొప్ప పరికరాలు పెట్టినా ఒకవైపు ప్రయాణానికే 70 మిల్లీసెకన్లు ఖర్చు. ఫోన్ సంభాషణ ఇబ్బంది లేకుండా సాగాలంటే ఒకవైపు ఆలస్యం 150 మిల్లీసెకన్లు దాటకూడదని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం ఏనాడో చెప్పింది. అంటే సగం భూగోళమే తినేసింది. మిగిలిన సగాన్ని మన ఇంట్లోని ఫైబర్ బాక్సు తినకుండా చూసుకోవాలి. చాలా ఇళ్లలో అది సగంతో సరిపెట్టుకోదు, ఏకంగా సెకన్లకు సెకన్లు మింగేస్తుంది.

ఎలా మింగుతుందో చూడండి. ఫోన్ నుంచి వైఫై మీద ప్యాకెట్లు జోరుగా వచ్చి పడతాయి, బయటికి పోయే లైను అంత జోరుగా తీసుకోదు. ఆ తేడా మేరకు మిగిలిపోయిన ప్యాకెట్లు బాక్సులోని మెమరీలో వరుసకట్టి నిలబడతాయి. ఆ మెమరీనే బఫర్ అంటారు. ఒక్కసారిగా వచ్చిపడ్డ గుంపును కాసేపు నిలబెట్టడానికి అది కావలసిందే. అయితే మెమరీ చిప్పులు చవకైన కొద్దీ తయారీదారులు దాన్ని పెంచుకుంటూ పోయారు. ప్యాకెట్ పోగొట్టడం తప్పు, ఎంత ఎక్కువ దాచగలిగితే అంత మంచి పరికరం అనుకున్నారు. మన పాఠకుడి అప్‌లోడ్ వేగం 8 ఎంబీపీఎస్ అనుకుందాం. బాక్సులో 10 లక్షల బైట్ల బఫర్ ఉందనుకుందాం. అది నిండితే ఖాళీ కావడానికి పట్టేది సరిగ్గా 1 సెకను. వీడియో కాల్ తాలూకు చిన్న ప్యాకెట్ వచ్చి ఆ వరుస చివర నిలబడితే, గేటు దాటడానికే సెకను పడుతుంది. డాలస్ ప్రయాణం ఇంకా మొదలే కాలేదు.

తిరుమలలో వైకుంఠం క్యూ కాంప్లెక్స్‌కి ఇంకో పది కంపార్ట్‌మెంట్లు కట్టించారనుకోండి. దర్శనం త్వరగా అవుతుందా? గర్భాలయం ముందు నిమిషానికి కదిలేవాళ్లు ఎంతమందో అంతేమంది. లోపల కూర్చుని ఎదురుచూసేవాళ్లే పెరుగుతారు. అన్నిటికంటే చెడ్డది ఇంకొకటి ఉంది: కొండమీద రద్దీగా ఉందన్న కబురు కింద తిరుపతి బస్టాండుకి ఆలస్యంగా చేరుతుంది, ఈలోగా ఇంకా వందల మంది ఎక్కి వచ్చేస్తారు.

ఆ కబురే అసలు కథ. నాకు మహా ఇష్టమైన భాగం ఇదే కనుక కొంచెం నిదానంగా చెబుతాను.

1986 అక్టోబరులో అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలకూ, కూతవేటు దూరంలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయానికీ మధ్య నెట్‌వర్క్ ఉన్నట్టుండి కుప్పకూలింది. రెండు చోట్లకూ దూరం 400 గజాలు. సెకనుకు 32,000 బిట్లు వెళ్లాల్సిన చోట 40 బిట్లు వెళ్లడం మొదలైంది. మనిషి నడుచుకుంటూ వెళ్లి కాగితం ఇచ్చి రావడమే నయం. కారణం వెతికినవాడు వాన్ జేకబ్సన్. ప్యాకెట్ పోయిందని తెలియగానే కంప్యూటర్లన్నీ మళ్లీ మళ్లీ అదే వేగంతో పంపుతున్నాయని, రద్దీని రద్దీతోనే పెంచుతున్నాయని తేల్చాడు. 1988లో ఆయన ప్రచురించిన పరిష్కారం ఎంత తేలికైనదో అంత అందమైనది. పంపేవాడు కొంచెం కొంచెంగా వేగం పెంచుకుంటూ పోవాలి. ప్యాకెట్ ఎక్కడైనా పోయిందంటే ముందు ఇరుకుగా ఉందని అర్థం, వెంటనే సగానికి తగ్గాలి. మళ్లీ మెల్లగా పెంచాలి. దారి ఎంత వెడల్పో ఎవరూ చెప్పనక్కర్లేదు. ఏ పర్యవేక్షకుడూ లేకుండా కోట్ల కంప్యూటర్లు ఒక దారిని పంచుకుంటున్నాయంటే మూలం ఇదే. నేటి పద్ధతులు లెక్కలో కొంత మారాయి గానీ, వాటిలో ఎక్కువ భాగం ఇప్పటికీ ప్యాకెట్ పోవడాన్నే వార్తగా తీసుకుంటాయి.

పోయిన ప్యాకెట్ లోపం కాదు, ఉత్తరం. దాన్ని పోనివ్వకుండా దాచే పెద్ద బఫర్ ఆ ఉత్తరాన్ని దాచేస్తోంది. ఫోనుకు కబురు అందదు కనుక పెంచుతూనే ఉంటుంది. బఫర్ పూర్తిగా నిండి పొర్లేదాకా ఆగదు. పొర్లాక కాస్త తగ్గి, మళ్లీ నింపడం మొదలుపెడుతుంది. అంటే అప్‌లోడ్ సాగినంతసేపూ ఆ వరుస దాదాపు నిండుగానే ఉంటుంది. డౌన్‌లోడ్‌కి కూడా దెబ్బే: ఏది దించుకోవాలన్నా ముందు 'పంపించు' అనీ, వచ్చాక 'అందింది' అనీ చిన్న ప్యాకెట్లు బయటికి పోవాలి, అవీ అదే వరుసలో ఇరుక్కుంటాయి. అందుకే ఫొటోలు ఎక్కుతుంటే వార్తల పేజీ కూడా తెరుచుకోదు.

ఈ దొంగను ఇంట్లోనే పట్టుకున్నవాడు జిమ్ గెట్టిస్. ఎక్స్ విండో సిస్టమ్ కట్టినవాళ్లలో ఒకడు, వెబ్ నడిచే హెచ్‌టీటీపీ ప్రమాణం రాసినవాళ్లలోనూ ఒకడు. అంతటివాడికి ఇంట్లో పిల్లల ఫిర్యాదు: నాన్నా, ఇవాళ నెట్ నెమ్మదిగా ఉంది. 2010లో ఇంటి నుంచి ఎంఐటీకి పెద్ద ఫైళ్లు పంపుతూ పింగ్ చూస్తే జవాబు రావడానికి సెకను దాటుతోంది. ఫైలు ఆపితే మామూలు. మళ్లీ మొదలుపెడితే మళ్లీ సెకను. మోడెమ్‌లో, రౌటర్‌లో, లాప్‌టాప్ లోపల, ఎక్కడ చూసినా అవసరానికి మించిన బఫర్లే. ఈ జబ్బుకి ఆయనే బఫర్‌బ్లోట్ అని పేరు పెట్టాడు.

ఎవరూ ముందే చెప్పలేదా అంటే, చెప్పారు. 1985లోనే జాన్ నేగల్ ఒక పత్రంలో అనంతమైన మెమరీ ఉన్న నెట్‌వర్క్‌ను ఊహించి లెక్క కట్టాడు. ప్యాకెట్‌కి ఆయుష్షు ఉంటుంది కదా, వరుసలో నిలబడే ఆయుష్షు తీరిపోతుంది. కాబట్టి ఎంత దాచినా, రద్దీ ముదిరితే అలాంటి నెట్‌వర్క్ ప్యాకెట్లన్నిటినీ పోగొడుతుందని నిరూపించాడు. చదివినవాళ్లు తలూపి, చిప్పుల ధర తగ్గగానే మరిచిపోయారు. 1993లో శాలీ ఫ్లాయిడ్, జేకబ్సన్ కలిసి రెడ్ అనే పద్ధతి తెచ్చారు. క్యూ సగటు పొడవు చూసి, నిండకముందే అక్కడక్కడా ప్యాకెట్లు వదిలేయడం దాని పని. 1998లో ఇంటర్నెట్ ప్రమాణాల సంస్థ దాన్నే వాడమని సిఫారసు కూడా చేసింది. కానీ హద్దులు ఎక్కడ పెట్టాలో ప్రతి లైనుకీ ఎవరో కూర్చుని సరిచేయాలి. తప్పుగా పెడితే లేని రోగం వస్తుంది. నెట్‌వర్క్ నడిపేవాళ్లు చాలామంది దాన్ని ఆన్ చేయనేలేదు, వాళ్లను తప్పుపట్టలేను. పొరపాటు కొలతలోనే ఉంది. క్యూ పొడవు చూస్తే రోగం తెలియదు.

2012లో కేథలీన్ నికల్స్‌తో కలిసి జేకబ్సనే దాన్ని సరిచేశాడు. ఆ పద్ధతి పేరు కంట్రోల్డ్ డిలే, పొట్టిగా కాడిల్. ఇది పొడవు చూడదు. ప్రతి ప్యాకెట్ లోపలికి రాగానే దాని మీద సమయం ముద్ర వేస్తుంది, బయటికి పోయేటప్పుడు ఎంతసేపు నిలబడిందో చూస్తుంది. గడిచిన 100 మిల్లీసెకన్లలో అందరికంటే తక్కువసేపు నిలబడ్డ ప్యాకెట్ ఎంతసేపు నిలబడింది? ఇదే దాని ఏకైక ప్రశ్న. సగటు కాదు, గరిష్ఠం కాదు, కనిష్ఠం! ఎందుకంటే గుంపు వచ్చి కరిగిపోయే మంచి క్యూలో ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒకరు నిలబడకుండానే వెళ్లిపోతారు, కనిష్ఠం సున్నా దగ్గరికి పడిపోతుంది. కరగకుండా తిష్ఠవేసిన చెడ్డ క్యూలో అందరూ నిలబడాల్సిందే. కనిష్ఠం 5 మిల్లీసెకన్ల కింద ఒక్కసారి కూడా పడకుండా 100 మిల్లీసెకన్లు గడిచాయంటే, ఒక ప్యాకెట్‌ను పారేస్తుంది. కబురు వెళ్లింది. పంపేవాడు స్పందించడానికి వ్యవధి ఇస్తుంది. క్యూ తగ్గలేదా, రెండోది పారేసేది ఇంకో 100 మిల్లీసెకన్లకి. తర్వాత 71కి. తర్వాత 58కి. తర్వాత 50కి.

ఈ అంకెలు ఎక్కడివి? 100ను వరసగా 1, 2, 3, 4ల వర్గమూలాలతో భాగించి చూడండి. పోయే ప్యాకెట్ల పాలుకూ, పంపేవాడి వేగానికీ మధ్య వర్గమూలపు సంబంధం ఉందని 1997లోనే తేలింది: నష్టం నాలుగింతలైతే వేగం సగమవుతుంది. దానికి తగ్గట్టు పారేసే వ్యవధిని కుదిస్తే వేగం మెట్టు మెట్టుగా, కుదుపు లేకుండా తగ్గుతుంది. సరిచేయాల్సిన మీట ఒక్కటీ లేదు. 1 ఎంబీపీఎస్ లైనుకీ 1,000 ఎంబీపీఎస్ లైనుకీ దాదాపు ఇవే అంకెలు. నేను చదివిన ఇంజినీరింగ్‌లో ఇంత తక్కువ సామగ్రితో ఇంత పని చేసినవి వేళ్లమీద లెక్కపెట్టవచ్చు.

2012లోనే ఎరిక్ డ్యూమాజే కాడిల్‌ను లైనక్స్‌లోకి తెచ్చి, నేగల్ పాత ఆలోచనను కూడా జోడించాడు. ఒకటే వరుస బదులు 1,024 వరుసలు. ఫొటోల ప్రవాహం ఒకదాంట్లో, కాల్ ఇంకోదాంట్లో, వంతులవారీగా వదులుతారు. వరుస పేరుకోనివ్వకుండా అప్పుడొకటి ఇప్పుడొకటి పంపే కాల్ ప్యాకెట్‌కి ముందు అవకాశం. ఎవరికీ విశేష దర్శనం టికెట్ లేదు, మర్యాదగా నడిచేవాడికి దారి దానంతటదే దొరుకుతుంది. 2025లో కన్నుమూసిన డేవ్ టాట్ ఏళ్లతరబడి కంపెనీల వెంటపడి దీన్ని పరికరాల్లోకి ఎక్కించడానికే పాటుపడ్డాడు.

యూట్యూబ్ సినిమా ఎందుకు ఆగలేదన్నది మిగిలింది. అదీ బఫరే, కాకపోతే ఉండాల్సిన చోట ఉంది. ప్లేయర్ వీడియోను కొన్ని సెకన్ల తునకలుగా ముందే తెచ్చి టీవీలో దాచుకుంటుంది. దారిలో సెకను ఆలస్యమైనా చూసేవాడికి తెలియదు. మన అమ్మాయి ఇంకా అనని మాటను ముందే తెచ్చిపెట్టుకోవడం మాత్రం ఎవరివల్లా కాదు.

ఇక చేయాల్సిన పనులు. ఈ భాగం రాయడం నాకు విసుగే, అయినా అడిగారు కనుక. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, పింగ్ అని ఇంగ్లిష్‌లో కొట్టి, ఖాళీ వదిలి 8.8.8.8, మళ్లీ ఖాళీ వదిలి మైనస్ గుర్తు, దాని పక్కనే టి అక్షరం కొట్టండి. వీలైతే కంప్యూటర్‌ను కేబుల్‌తోనే కలపండి, వైఫైలో గోడలు కూడా క్యూలు కడతాయి. టైమ్ అన్నచోట వచ్చే అంకె చూస్తూ ఫోన్ నుంచి పెద్ద వీడియో ఒకటి క్లౌడ్‌కి ఎక్కించండి. 20లో ఉన్న అంకె 30కో 40కో వెళ్తే మీ బాక్సు మంచిది. 400, 900 అని ఎక్కుతూ పోతే దొంగ దొరికాడు. కంట్రోల్, సి కలిపి నొక్కితే ఆగుతుంది.

మందు ఎస్‌క్యూఎం, అంటే రౌటర్‌లో క్యూను ఇలా అదుపు చేసే ఏర్పాటు. కంపెనీ ఇచ్చిన ఫైబర్ బాక్సుల్లో ఈ పేరు సాధారణంగా కనిపించదు. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే సాఫ్ట్‌వేర్ నడిచే రౌటర్ ఉంటే దాన్ని బాక్సుకీ ఇంటికీ మధ్య పెట్టి, ఎస్‌క్యూఎం ప్యాకేజీ ఎక్కించి, బయటి లైను తగిలే వాన్ పోర్టును ఎంచుకుని, క్యూ పద్ధతిగా, కాడిల్ తరహాదే అయిన కేక్‌ను పెట్టండి. వేగాల గడుల్లో స్పీడ్ టెస్ట్ చూపిన దానిలో 90 శాతం రాయాలి. లెక్క కిలోబిట్లలో ఉంటుంది, అంటే 40 ఎంబీపీఎస్‌కి 36,000. డబ్బు కట్టిన స్పీడులో పదోవంతు వదులుకోవడమా అని గొడవపడకండి. ఇరుకు ఎక్కడుంటే క్యూ అక్కడే కడుతుంది. లైనుకంటే రౌటర్‌ను ఇరుకు చేస్తే క్యూ బాక్సులోంచి లేచి మీ రౌటర్‌లోకి వస్తుంది, అక్కడ దాన్ని అదుపు చేసేది ఉంది. మరీ చవక రౌటర్ల ప్రాసెసర్ పెద్ద వేగాల దగ్గర చేతులెత్తేస్తుంది, అది చూసుకుని కొనండి. ప్లాన్ల ప్రకటనల్లో స్పీడు పక్కన 'లోడ్ ఉన్నప్పుడు లేటెన్సీ ఇంత' అని వేయమని ఎవరూ అడగరు, అందుకే కంపెనీలూ వేయవు.

రౌటర్ మార్చలేనివాళ్లు ఫోన్లో ఫొటోల బ్యాకప్‌ను రాత్రికి వాయిదా వేసుకోండి. పెళ్లి లైవ్ ఇచ్చే వీడియోగ్రాఫర్లకి మాత్రం ఇంకో మాట: అప్‌లోడ్ 8 ఎంబీపీఎస్ ఉన్న హాల్లో ఓబీఎస్ బిట్‌రేట్ 7,500 పెట్టి అమెరికా బంధువుల తిట్లు తినకండి. 5,000 చాలు. అడ్వాన్స్‌డ్ సెట్టింగుల్లో రద్దీని బట్టి బిట్‌రేట్ మార్చుకునే ఆప్షన్ ఉంటుంది, దానికి టిక్కు పెట్టండి. తాళి కట్టే సమయానికి లైను ఇరుకైతే బొమ్మ మసకబారుతుందేమో గానీ, ఆగకుండా నడిచే అవకాశం ఎక్కువ.