డాక్టరు చీటీ పారేయకండి

మా ఊళ్ళో పెద్ద వయసు ఆడవాళ్ళు చుట్ట కాల్చేటప్పుడు నిప్పు ఉన్న కొనను నోట్లో పెట్టుకుంటారు. దీన్నే అడ్డపొగ అంటారు. శ్రీకాకుళం తీరపు ఊళ్ళ నుంచి వచ్చిన మన హాస్టల్ మిత్రులకు ఇది కొత్త కాదు. ఆ వేడికి అంగిలి మీద పుండు పడి క్యాన్సరుగా మారే ప్రమాదం ఉందని వైద్యులు ఎప్పటి నుంచో చెబుతున్నారు. మా పెద్దమ్మ నలభై ఏళ్ళు అలాగే కాల్చింది.

2022 సంక్రాంతికి ఇంటికి వెళితే "నోట్లో పుండు మానట్లేదురా, కారం తినలేకపోతన్నాను" అంది. అప్పుడు నేను డిగ్రీలో ఉన్నాను. డాక్టరుకు చూపించుకోమని చెప్పి హాస్టలుకు వచ్చేశాను. ఊళ్ళో ఆర్‌ఎంపీ బి-కాంప్లెక్సు మాత్రలిచ్చాడు. తర్వాత టౌనులో ఒక నర్సింగ్‌హోమ్‌లో డబ్బు కట్టి నాలుగుసార్లు చూపించుకుంది. ప్రతిసారీ పూత మందు, అవే మాత్రలు. టార్చి వేసి చూశారట గాని ముక్క తీసి పరీక్షకు పంపలేదు. ఎనిమిది నెలల తర్వాత విశాఖపట్నంలో ఆ పరీక్ష, అంటే బయాప్సీ, చేస్తే క్యాన్సరని తేలింది. అప్పటికే మెడ గ్రంథులకు పాకింది. 2023 ఫిబ్రవరిలో పెద్దమ్మ పోయింది.

కర్మ అయ్యాక అన్నయ్య నన్ను అడిగాడు: "నువ్వు చదువుకున్నోడివి కదా, ఆళ్ళ మీద కేసు ఎయ్యొచ్చా?" నాకు తెలియదు. తెలుసుకోవడానికి కొన్ని నెలలు పట్టింది. తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాను.

జబ్బు కనిపెట్టలేకపోయినంత మాత్రాన అది నేరమూ కాదు, నిర్లక్ష్యమూ కాదు. మామూలు నైపుణ్యం ఉన్న డాక్టరు ఆ పరిస్థితిలో ఏం చేసి ఉండేవాడు అన్నదే కొలబద్ద. సుప్రీంకోర్టు 2005లో జేకబ్ మాథ్యూ కేసులో ఈ మాటే చెప్పింది. జైలు శిక్ష పడాలంటే నిర్లక్ష్యం చాలా తీవ్రంగా ఉండాలని కూడా అంది. కాబట్టి పోలీసు కేసు కంటే నష్టపరిహారం కేసే ఎక్కువ మందికి దారి. మొదటి వారం నోటిపుండుకు పూత మందు ఇవ్వడం తప్పు కాదు. రెండు మూడు వారాలు దాటినా మానని పుండు, అదీ పొగాకు అలవాటున్న మనిషికి ఉంటే బయాప్సీ చేయాలి, లేదా చేసేచోటికి పంపాలి. అది చేయకపోతే ప్రశ్నించవచ్చు.

అది రుజువైనా సగం పనే అయినట్టు. ఆలస్యం వల్ల ఏం పోయిందో కూడా ఫిర్యాదు చేసినవాళ్ళే చూపించాలి. ఇంగ్లండులో ఒకాయన 1994లో చంకలో గడ్డతో డాక్టరు దగ్గరికి వెళితే, కొవ్వు గడ్డేనని పంపేశారు. క్యాన్సరని తేలి వైద్యం మొదలవడానికి సుమారు తొమ్మిది నెలలు ఆలస్యమైంది. డాక్టరు తప్పు చేశాడని కోర్టు ఒప్పుకుంది. కానీ ఆలస్యం కాకపోయినా కోలుకునే అవకాశం 42 శాతమేనని, ఆలస్యంతో అది 25కు పడిందని లెక్క తేలింది. ముందే సగం కంటే తక్కువ కాబట్టి ఆలస్యమే కారణమని చెప్పలేమంటూ 2005లో హౌస్ ఆఫ్ లార్డ్స్ అతని అప్పీలు కొట్టేసింది. 17 శాతం ప్రాణం లెక్కలోకి రాదా అని నాకు కోపం వచ్చింది. ఐదుగురు జడ్జీల్లో ఇద్దరు ఆ తీర్పుతో విభేదించారు కూడా.

మనకు ధైర్యం ఇచ్చే కేసు హైదరాబాదులోనే ఉంది. కిషన్ రావు గారు మలేరియా విభాగంలో ఉద్యోగి. 2002లో ఆయన భార్యకు చలిజ్వరం వస్తే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చారు. అక్కడ మలేరియాకు బదులు టైఫాయిడ్‌కు వైద్యం చేశారు. ఆమె చనిపోయారు. జిల్లా ఫోరం 2 లక్షలు ఇవ్వమంటే పై కమిషన్లు రెండూ కొట్టేశాయి. ఆయన వదల్లేదు. 2010లో సుప్రీంకోర్టు ఆ 2 లక్షల తీర్పును నిలబెట్టింది. ప్రతి కేసులోనూ మరో డాక్టరు సాక్ష్యం తప్పనిసరి కాదని చెప్పింది. అయితే క్యాన్సరు ఆలస్యం లాంటి చిక్కు కేసుల్లో నిపుణుడి మాట లేకుండా నెగ్గడం కష్టమే.

వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని 1995లోనే శాంత కేసులో తేలింది. అందరికీ పూర్తి ఉచితంగా చూసే ఆసుపత్రులు మాత్రం దాని కిందికి రావు. వాటి మీద సివిల్ కోర్టుకు వెళ్ళాలి. బీదవాళ్ళు ఎక్కువగా వెళ్ళేది వాటికే కదా, ఇది నాకు మింగుడుపడలేదు. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో మనం ఉండే జిల్లాలోనే ఫిర్యాదు ఇవ్వవచ్చు. ఆసుపత్రికి కట్టిన డబ్బు 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు. గడువు రెండేళ్ళు. ఎస్సీ, ఎస్టీలకు, ఆడవాళ్ళకు ఆదాయంతో పని లేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది. కోర్టు ఆవరణలోనే ఆఫీసు ఉంటుంది, 15100కు ఫోను చేసినా చెబుతారు. ఇన్‌పేషెంటు రికార్డులు మూడేళ్ళు దాచాలి, అడిగిన 72 గంటల్లో ఇవ్వాలి అని డాక్టర్లకు 2002 నుంచి నిబంధన ఉంది.

పెద్దమ్మ ఇన్‌పేషెంటు కాదు. ఆమెవన్నీ ఓపీ చీటీలే. నేను వెళ్ళిన వకీలు గారు మొదట అడిగింది ఆ చీటీలే. నాలుగింటిలో రెండే దొరికాయి. ఒకటి వానకు తడిసి అక్షరాలు పోయాయి. రెండోదానిలో తేదీ ఉంది, మందులున్నాయి, పుండు ఎన్నాళ్ళ నుంచి ఉందో లేదు, పొగాకు ఊసు లేదు. "ఆవిడ మొదట ఎప్పుడు వచ్చిందో దీంతో ఎలా చూపిస్తాం బాబూ?" అన్నారాయన. అన్నయ్య మేస్త్రీ పనికి చెన్నై వెళ్ళిపోయాడు. రెండేళ్ళ గడువు 2024లో దాటిపోయింది.

ఇంట్లో ఆ చీటీలు చదవగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. ఆ ఎనిమిది నెలల్లో మూడుసార్లు ఇంటికి వెళ్ళాను. ఒక్కసారీ అడిగి చూడలేదు.

అమ్మ కూడా అడ్డపొగ కాలుస్తుంది. మానమంటే తగ్గించింది గాని మానలేదు. సెలవులకు వెళ్ళినప్పుడల్లా టార్చి వేసి నోరు చూస్తున్నాను. మొదట్లో సిగ్గుపడేది. ఇప్పుడు నేను బ్యాగు దించగానే తనే వచ్చి గుమ్మం దగ్గర వెలుతురులో కూర్చుంటోంది.