సిపాయికి దగ్గరి కోర్టు

మన కథల్లో సిపాయికి 'కోర్ట్ మార్షల్' జరిగిందంటే పొడవాటి బల్ల, వరుసగా ఆఫీసర్లు, ఆవేశంగా వాదించే వకీలు కనిపిస్తారు. మెట్టుగూడ వంటి చోట, కంటోన్మెంటుకు కూతవేటు దూరంలో వుండే మన ఊహ కూడా ఇంతకు మించదు. అయితే సిపాయికి అతి దగ్గరగా వుండే కోర్టు వేరు.

1950 నాటి సైనిక చట్టం నాలుగు రకాల కోర్ట్ మార్షల్స్‌ను పేర్కొంది. మరణశిక్ష జనరల్, సమ్మరీ జనరల్ కోర్టుల పరిధిలోది. డిస్ట్రిక్ట్ కోర్ట్ మార్షల్ రెండేళ్ల జైలుకు మించి వేయరాదు. అన్నిటికన్నా కిందిది సమ్మరీ కోర్ట్ మార్షల్. అందులో కమాండింగ్ ఆఫీసరు ఒక్కడే కోర్టు. మరో ఇద్దరు కూర్చుంటారు గాని, తీర్పులో వారికి పాలు లేదు. ముద్దాయి పక్కన వకీలు ఉండవచ్చు, సలహా చెప్పవచ్చు. సాక్షిని ప్రశ్నించరాదు, కోర్టుతో మాట్లాడరాదు.

లెఫ్టినెంట్ కర్నలు, ఆపై హోదావాడు ఏడాది జైలు వేయగలడు. అంతకు తక్కువవాడు మూడు నెలలే. ఉద్యోగం నుంచి తీసివేయనూవచ్చు. శిక్షకు సాధారణంగా పైవారి ధ్రువీకరణ అక్కరలేదు, వెంటనే అమలవుతుంది. ఆఫీసర్లను, జె.సి.ఓ.లను మాత్రం ఈ కోర్టు విచారించలేదు. ఇంత ఏకహస్తాధికారం అట్టడుగువాడి మీదనే అన్నమాట!

హద్దులు లేవా? ఉన్నాయి. తన మీద జరిగిన నేరాన్ని, తక్షణ చర్యకు గట్టి కారణం లేనప్పుడు, ఆఫీసరు పైవారికి నివేదించకుండా విచారించరాదు. రంజిత్ ఠాకూర్ అనే సిపాయి తన కమాండింగ్ ఆఫీసరు వేధిస్తున్నాడని నేరుగా పైవారికి రాసుకున్నాడు. అందుకు శిక్ష అనుభవిస్తూ, 1985లో భోజనం చేయమన్న ఆజ్ఞను కాదన్నాడు. ఏడాది జైలు, ఉద్యోగం ఊడటం! ఫిర్యాదుకు గురైన ఆ ఆఫీసరే విచారణలో కూర్చున్నాడు. 1987లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టివేసింది: పక్షపాతానికి తావుంది, శిక్ష నేరానికి మించింది అని. ఈ కోర్టు తక్షణావసరానికేగాని నిత్య పద్ధతి కారాదని 2016లో మళ్లీ చెప్పవలసి వచ్చింది. 2007 చట్టంతో సాయుధ దళాల ట్రిబ్యునల్ వచ్చినా, ఈ కోర్టు వేసిన శిక్ష ఉద్యోగం పోవడమో, మూడు నెలలకు మించిన జైలో అయితేనే దాని తలుపు తెరుచుకుంటుంది.

రచయితలు గమనించవలసింది ఇక్కడే. దుర్మార్గుడైన కర్నలును సృష్టిస్తే కథ తేలికవుతుంది, నిజం పలచబడుతుంది. మంచి కర్నలు కూర్చున్నా ఆజ్ఞాపించేవాడు, తీర్పు చెప్పేవాడు ఒకడే. నోరు విప్పరాని వకీలు పక్కన నిలబడ్డ సిపాయి కథ మనం ఇంకా రాయవలసే వుంది.