పన్ను గ్యాసుకా, పంచదారకా?

ఏ ఊళ్లోనైనా కిరాణా కొట్టు ముందున్న అద్దాల ఫ్రిజ్‌లోకి ఒకసారి చూడండి. పై అరలో నల్లటి కోలా సీసా, దాని పక్కనే అదే కంపెనీవారి పంచదార లేని డబ్బా, కింది అరలో పసుపుపచ్చని మామిడి డ్రింకు. 2025 సెప్టెంబర్ 22 నుంచి అమల్లోకి వచ్చిన జీఎస్టీ రేట్ల ప్రకారం కోలా మీద పన్ను 40 శాతం. పంచదార పలుకు కూడా లేని ఆ డబ్బా మీదా 40 శాతమే. మామిడి డ్రింకు మీద మాత్రం 5 శాతం. అంతకుముందు 12 ఉండేది, తగ్గించారు. పోనీ మామిడి డ్రింకులో పంచదార తక్కువా అంటే అదీ కాదు. సీసా తిప్పి వెనకనున్న పట్టిక చదివితే, చాలావాటిలో 100 మిల్లీలీటర్లకు 10 గ్రాములకు అటూ ఇటూగా ఉంటుంది. కోలాకు పెద్దగా తీసిపోదు. కోలాలో గ్యాస్ ఉంది, మామిడి డ్రింకులో లేదు, అంతే తేడా. అంటే మన ప్రభుత్వం పన్ను వసూలు చేస్తున్నది బుడగల మీద.

ఈ సంగతి ముందే చెప్పడానికి కారణముంది. తీపి పానీయాల వ్యవహారంలో ప్రభుత్వం జోక్యం చేసుకోవచ్చా అన్న చర్చ వచ్చినప్పుడల్లా, అదేదో ఇవాళే పుట్టిన ప్రశ్న అన్నట్టు వాదించుకుంటాం. మన దేశంలో ఆ జోక్యం మొదలై పదేళ్లు దాటింది. 2014 బడ్జెట్‌లో పంచదార కలిపిన గ్యాస్ డ్రింకుల మీద 5 శాతం అదనపు ఎక్సైజ్ సుంకం వేశారు. 2015 డిసెంబర్‌లో అరవింద్ సుబ్రమణియన్ కమిటీ వీటిని పాన్ మసాలా, పొగాకు, ఖరీదైన కార్ల సరసన కూర్చోబెట్టి 40 శాతం రేటు సూచించింది. 2017లో జీఎస్టీ వచ్చినప్పుడు 28 శాతం పన్నుకు 12 శాతం సెస్సు జోడించి సరిగ్గా ఆ 40 దగ్గరికే చేర్చారు. కాబట్టి జోక్యం ఉండాలా వద్దా అన్నది దాదాపు తేలిపోయిన విషయం. తేలనిది దేన్ని కొలవాలన్నది. కొలవాల్సింది గ్యాసునూ కాదు, ధరనూ కాదు, పంచదార గ్రాములను. ఈ వ్యాసం వాదన ఇదే.

లడ్డూలనూ జిలేబీలనూ వదిలేసి డ్రింకుల మీదే ఎందుకు పడాలని ఎవరైనా అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. జవాబు మన కడుపులో ఉంది. నమిలి తిన్నది ఆకలిని తీర్చినట్టు తాగినది తీర్చదు. అమెరికాలోని పర్‌డ్యూ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2000లో ఒక చిన్న ప్రయోగం ఫలితాలు ప్రచురించారు. 15 మందికి నాలుగు వారాల పాటు రోజూ 450 కేలరీల జెల్లీ మిఠాయి ఇచ్చారు. మరో నాలుగు వారాలు అన్నే కేలరీలున్న సోడా ఇచ్చారు. మిఠాయి తిన్న రోజుల్లో వాళ్లు తమకు తెలియకుండానే మిగతా తిండి తగ్గించుకున్నారు. సోడా తాగిన రోజుల్లో తగ్గించుకోలేదు. 15 మందితో చేసింది కదా అని కొట్టిపారేయొచ్చు గానీ, 2012లో వెలువడిన నెదర్లాండ్స్ పరిశోధనను అంత సులువుగా పక్కన పెట్టలేం. అక్కడ 4 నుంచి 11 ఏళ్ల వయసున్న 641 మంది పిల్లలకు ఏడాదిన్నర పాటు రోజుకో 250 మిల్లీలీటర్ల డ్రింకు ఇచ్చారు. సగం మందికి పంచదారది, సగం మందికి పంచదార లేనిది. ఎవరికి ఏది అందుతోందో పిల్లలకూ తెలియదు, పరిశోధకులకూ తెలియదు. చివరికి తూకం వేస్తే పంచదార డ్రింకు తాగినవాళ్లు సగటున 7.37 కిలోలు పెరిగారు, రెండో జట్టు 6.35 కిలోలు. ఎదిగే పిల్లలు కాబట్టి రెండు జట్లూ బరువు పెరుగుతాయి. ఆ పైనున్న కిలో మాత్రం డబ్బాలోంచి వచ్చింది.

మామూలు కోలాలో 100 మిల్లీలీటర్లకు సుమారు 10.6 గ్రాముల పంచదార ఉంటుంది. 250 మిల్లీలీటర్ల సీసా ఖాళీ చేస్తే 26 గ్రాములు, అంటే ఆరు చెంచాల పైమాట. రోజు మొత్తానికీ 25 గ్రాముల లోపు ఉంటే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. ఆ హద్దు ఒక్క సీసాతోనే దాటిపోతుంది. రోజూ తాగేవారిలో టైప్ 2 మధుమేహం ఎక్కువగా కనబడుతోందని పెద్ద పెద్ద అధ్యయనాలు చెబుతున్నాయి. కోస్తాలో పంచదార అన్నా, తెలంగాణలో చక్కెర అన్నా, జబ్బును మాత్రం అందరం షుగర్ అనే పిలుస్తాం. భారత వైద్య పరిశోధన మండలి అండతో జరిగి 2023లో వెలువడిన సర్వే ప్రకారం దేశంలో ఆ షుగర్ ఉన్నవారు 10.1 కోట్లు, దాని గుమ్మం దాకా వచ్చినవారు మరో 13.6 కోట్లు. ఇంతమందిని కూల్‌డ్రింకులే ఇక్కడికి తెచ్చాయనడం అబద్ధమవుతుంది. మూడు పూటలా తెల్లన్నం, కదలని ఉద్యోగాలు, వంశంలో ఉన్న గుణం, అన్నీ ఉన్నాయి. కానీ వాటిలో ఒక్క చట్టంతో తగ్గించగలిగేవి తక్కువ. సీసాలో కలిపిన పంచదార అలాంటి కొద్దివాటిలో ఒకటి.

అదెలాగో బ్రిటన్ చేసి చూపింది. ఆర్థికమంత్రి జార్జ్ ఆస్‌బోర్న్ 2016 మార్చిలో ఒక సుంకాన్ని ప్రకటించారు. 100 మిల్లీలీటర్లలో 5 గ్రాములు, ఆపైన పంచదార ఉంటే లీటరుకు 18 పెన్నీలు, 8 గ్రాములు, ఆపైన ఉంటే 24 పెన్నీలు, 5 గ్రాముల లోపు ఉంటే ఏమీ లేదు. అమలు మాత్రం 2018 ఏప్రిల్ నుంచి. అసలు తెలివంతా ఆ రెండేళ్ల గడువులోనే ఉంది. జనాన్ని మానమని ఎవరూ బతిమాలలేదు, కంపెనీలే వంటకం మార్చుకున్నాయి. 2015లో అక్కడి శీతల పానీయాల్లో దాదాపు సగం 5 గ్రాముల గీతకు పైన ఉండేవి. 2019 ఫిబ్రవరికి అవి 15 శాతానికి పడిపోయాయి. స్కాట్లాండ్ వాళ్లు ప్రాణంగా చూసుకునే ఐరన్‌బ్రూ అన్న డ్రింకులో పంచదార సగానికి పైగా తగ్గిస్తే, అభిమానులు పాత సీసాలు పెట్టెలకొద్దీ దాచుకున్నారు. కోకాకోలా తన అసలు రుచిని మార్చలేదు, సుంకం కట్టుకుంది. అదీ దాని ఇష్టం. వింతేమిటంటే పానీయాల అమ్మకాలు పడిపోలేదు, లీటర్లలో చూస్తే పెరిగాయి. తగ్గింది వాటిలోని పంచదార. పరిశ్రమ మూతపడుతుందన్న భయం, జనం మారరన్న నిరాశ, రెండూ ఒక్కసారే తప్పని తేలాయి.

మెక్సికో వేరే దారి పట్టింది. 2014 జనవరి నుంచి లీటరుకు ఒక పెసో, అంటే ధరలో దాదాపు పదో వంతు. పంచదార ఎంతున్నా అదే పన్ను కాబట్టి కంపెనీలకు వంటకం మార్చే అవసరం రాలేదు, భారం కొనేవాడి మీద పడింది. అయినా కొనుగోళ్లు మొదటి ఏడాది 5.5 శాతం, రెండో ఏడాది 9.7 శాతం తగ్గాయి. ఇక్కడే పన్నుల మీద ఎప్పుడూ వినబడే అభ్యంతరం వస్తుంది: ఇది పేదవాడి జేబు కొట్టడం కాదా? లెక్క ప్రకారం పేదవాడి ఆదాయంలో ఎక్కువ వాటానే పోతుంది, నిజమే. కానీ మెక్సికోలో అందరికన్నా ఎక్కువగా కొనడం తగ్గించింది పేద కుటుంబాలే. షుగర్ వచ్చాక నెలనెలా మందులకూ, ముదిరితే డయాలసిస్‌కూ పెట్టే ఖర్చు కూడా పేదవాడి ఆదాయంలోనే ఎక్కువ వాటా తినేస్తుంది. ఆ పన్నుకు రసీదు ఉండదు కాబట్టి మనం లెక్కలో వేసుకోం. డెన్మార్క్ ఇలాంటి పన్నును ఎత్తేసింది కదా అని ఇంకొందరు గుర్తుచేస్తారు. అక్కడ జనం కార్లేసుకుని పక్కనున్న జర్మనీకి వెళ్లి పెట్టెలు కొనుక్కొచ్చారు. దేశమంతా ఒకే జీఎస్టీ ఉన్నచోట జగ్గయ్యపేటవాళ్లు కోదాడ వెళ్లి కొనుక్కొచ్చేదేముంది?

మన పద్ధతిలో ఇంకో లోపం ఉంది, ఇది అంత తొందరగా కంటికి ఆనదు. మనది ధర మీద వేసే పన్ను. సరుకు చవకైతే పన్నూ చవకవుతుంది. 2023లో కాంపా కోలా 200 మిల్లీలీటర్ల సీసాతో, 10 రూపాయలకే మళ్లీ బజారులోకి వచ్చింది. పెద్ద కంపెనీలూ అదే ధరకు దిగక తప్పలేదు. 40 శాతం పన్ను నెత్తిమీద ఉండగానే బడిపిల్లల చేతి ఖర్చుకు అందేంత చవకగా దొరుకుతోందంటే, ఆ రేటు భయపెడుతున్నది ఎవరిని? గ్రాముల మీద పన్ను ఉంటే ధర తగ్గించినా పన్ను తగ్గదు, పంచదార తగ్గిస్తేనే తగ్గుతుంది. ఇలా తూకాన్ని బట్టి వసూలు చేయడం మనకు తెలియని విద్యేమీ కాదు. జీఎస్టీ పరిహార సెస్సు రోజుల్లో బొగ్గు మీద టన్నుకు 400 రూపాయల చొప్పున వసూలు చేశారు. బొగ్గుకు వేసిన తూకం పంచదారకు వేయలేమా?

మామిడి డ్రింకు పేరెత్తగానే రైతు గుర్తొస్తాడు, రావాలి కూడా. చిత్తూరు, తిరుపతి జిల్లాల తోతాపురి కాయ చాలావరకు గుజ్జు ఫ్యాక్టరీలకే వెళ్తుంది. 2025 వేసవిలో ధర పడిపోతే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కిలోకు 12 రూపాయలు దక్కాలని చెప్పి, అందులో 4 రూపాయలు తానే భరించింది. ఇలాంటి సమయంలో పన్ను పెంచితే రైతు మునగడా అన్న ప్రశ్న తేలిగ్గా తీసుకోదగింది కాదు. అయితే ఒక్కటి గమనించాలి. ఆహార భద్రత ప్రమాణాల ప్రకారం మామిడి డ్రింకు అనిపించుకోవడానికి అందులో పండు పదో వంతు ఉంటే చాలు. మిగతాది నీళ్లూ పంచదారా. ఆ పదో వంతు డ్రింకుకూ, గుజ్జు దండిగా పోసిన దానికీ ఇవాళ ఒకటే 5 శాతం. ఇందులో రైతుకు ఒరిగేదేమిటి? కలిపిన పంచదార గ్రాములను బట్టి పన్ను మారితే, గుజ్జు పెంచి పంచదార తగ్గించిన కంపెనీకి లాభం, కాయ ఎక్కువ అమ్ముడయ్యే రైతుకూ లాభం. రైతు పేరు చెప్పి కాపాడుతున్నది ప్రస్తుతానికి పంచదార నీళ్లను.

ఇక అన్నిటికంటే బలమైన అభ్యంతరం. మెక్సికోవాళ్లలా మనం లీటర్లకొద్దీ తాగం. మన పంచదార ఎక్కువగా టీ గ్లాసులో, పండగ అరిసెల్లో, పెళ్లి భోజనంలో ఉంది. ఇది నూటికి నూరుపాళ్లు నిజం. టీలో చెంచా తగ్గించుకోవాల్సింది ఎవరికి వారే, దానికి ఏ మంత్రీ చట్టం చెయ్యలేడు, చెయ్యకూడదు. కానీ టీ కాచేవారికి ఎన్ని చెంచాలు వేశారో తెలుసు. సీసా తాగేవారికి తెలియదు. పైగా మెక్సికో, బ్రిటన్ అలవాటు ముదిరాక మేలుకున్నాయి. అలవాటు ఇంకా పిల్లల దగ్గర మొగ్గ దశలో ఉన్నప్పుడే అదుపు చేయడం చవక. బడి ఆవరణలోనూ, గేటుకు 50 మీటర్ల లోపలా కొవ్వు, ఉప్పు, పంచదార ఎక్కువున్నవి అమ్మకూడదని 2020 నాటి నిబంధనలు ఇప్పటికే చెబుతున్నాయి. ఏ బడి ముందు నిలబడి చూసినా అవి ఎంత అమలవుతున్నాయో తెలుస్తుంది.

ఏం తాగాలో చెప్పడానికి ప్రభుత్వం ఎవరన్న మాటా ఉంది. న్యూయార్క్ నగరం 16 ఔన్సులకు మించిన కప్పుల్లో తీపి పానీయాలు అమ్మకూడదని 2012లో నిబంధన పెడితే, 2014లో ఆ రాష్ట్రపు అత్యున్నత న్యాయస్థానం చెల్లదని తేల్చింది. కప్పు కొలతలు ప్రభుత్వం నిర్ణయించడం అతి అనే నా అభిప్రాయం కూడా. కానీ స్వేచ్ఛగా ఎంచుకోవాలంటే ఎంచుకుంటున్నదేమిటో తెలియాలి. హైదరాబాద్ పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి చేసిన పోరాటం ఈ ఒక్క విషయం మీదే. విరేచనాలవుతున్న బిడ్డకు ఇవ్వాల్సిన ఓఆర్ఎస్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం లీటరుకు 13.5 గ్రాముల గ్లూకోజ్ ఉండాలి. అదే పేరు పెట్టుకుని మందుల షాపుల్లో అమ్మిన కొన్ని డ్రింకుల్లో 100 గ్రాములకు పైనే పంచదార ఉండేది. అంత తీపి పేగుల్లోకి నీటిని లాగి విరేచనాలను పెంచుతుంది. 2022 ఏప్రిల్‌లో ఆ పేరు వాడొద్దన్న ఆహార భద్రత సంస్థ, జులైకల్లా ఒక హెచ్చరిక వాక్యం రాస్తే చాలని సడలించింది. ఆవిడ తెలంగాణ హైకోర్టుకు వెళ్లారు. 2025 అక్టోబర్‌లో సంస్థ ఆ సడలింపును రద్దు చేసింది. డబ్బు పెట్టి కొని బిడ్డకు తాగించిన ఆ తల్లులకు ఉన్నది స్వేచ్ఛ అందామా?

పంచదార తీసేసి కృత్రిమ తీపి పోస్తారు కదా అంటే, పోస్తారు. బరువు తగ్గడానికి వాటిని నమ్ముకోవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పింది. అందుకని వాటిని 5 శాతానికి దించమనడం లేదు, పంచదార డ్రింకుతో సమానంగా 40లో కట్టేయొద్దంటున్నాం. మధ్యలో ఒక మెట్టు చాలు. బ్రిటన్ కూడా మొదట పాల పానీయాలను వదిలేసి, ఆ మినహాయింపును తీసేయాలని 2025లో నిర్ణయించుకుంది. ఒక్కసారికే కుదరకపోయినా లెక్క సరైనదైతే సరిదిద్దుకోవచ్చు.

జీఎస్టీ కౌన్సిల్‌లో రెండు తెలుగు రాష్ట్రాలకూ చెరొక ఓటు ఉంది. రేటు పెంచమని అక్కడ అడగనక్కర్లేదు. ఫ్రూట్ డ్రింకులు ఉన్న వరుసలో, ఆ 5 అన్న అంకె పక్కన, 100 మిల్లీలీటర్లకు ఎన్ని గ్రాముల దాకా అన్నది కూడా రాయమని అడిగితే చాలు.