న్యాయశాస్త్ర పరిశోధనలో పద్ధతి ఎంపిక – ప్రశ్నే ప్రాతిపదిక

(ప్రత్యేక వ్యాసం)

ఎల్‌ఎల్‌.ఎం. విద్యార్థి తన పరిశోధనకు ముందుగా తేల్చుకోవలసినది పద్ధతి కాదు, ప్రశ్న. ఏడాది కాలపు ఎల్‌ఎల్‌.ఎం. కోర్సుకు విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2012లో రూపొందించిన మార్గదర్శకాలలో పరిశోధనా పద్ధతులు, న్యాయ రచన తప్పనిసరి పాఠ్యాంశంగా చేర్చబడినది. పాఠంగా చదివిన పద్ధతిని తన ప్రశ్నకు అన్వయించుకొనే దగ్గరే తడబాటు ఎదురవుతుంది.

ఉభయ తెలుగు రాష్ట్రాల షెడ్యూల్డు ప్రాంతాలలో అమలులో ఉన్న భూ బదలాయింపు నిబంధనలనే తీసుకుందాం. 1959 నాటి ఈ రెగ్యులేషన్‌ను 1970లో సవరించి, గిరిజనేతరులకు భూమి బదలాయింపును నిషేధించారు. ప్రజల నోట ఇది 1/70 చట్టం. ఇందులోని 'వ్యక్తి' అనే పదం పరిధిలోకి ప్రభుత్వం కూడా వస్తుందా అన్న ప్రశ్న, నాటి విశాఖపట్నం జిల్లా అనంతగిరి మండలంలోని గనుల లీజులపై నడిచిన సమత కేసులో తలెత్తినది. వస్తుందని 1997 జులై 11న సుప్రీంకోర్టు మెజారిటీ తీర్పు చెప్పినది. ఈ ప్రశ్నను పరిశోధించే విద్యార్థికి చట్టపాఠం, రాజ్యాంగం ఐదవ షెడ్యూలు, పూర్వ తీర్పులు, భిన్నాభిప్రాయ తీర్పు చాలును. ఇది గ్రంథాధార పరిశోధన. వందమందికి ప్రశ్నావళి పంచినందువల్ల ఇక్కడ ఒరిగేదేమీ లేదు.

తిరిగి అప్పగించమని ఉత్తర్వు వెలువడిన భూమి గిరిజన రైతు చేతికి నిజంగా వచ్చినదా అన్నది వేరే ప్రశ్న. దీనికి గ్రంథాలయంలో సమాధానం దొరకదు. స్పెషల్ డిప్యూటీ కలెక్టర్ ఉత్తర్వు, అప్పీలు, స్టే, స్వాధీన పంచనామా, ఆపై అడంగల్ లేదా పహాణీలో పేరు మార్పు – ఇవన్నీ వేర్వేరు రికార్డులు. పంచనామాలో భూమి అప్పగించినట్లే ఉండవచ్చు. దున్నుతున్నది మాత్రం పాత ఆసామే కావచ్చు. అందువలన ఫైలు చూసి ఊరికి వెళ్లడం అనివార్యం. కార్యాలయ సిబ్బంది ఇచ్చిన ఫైళ్లతో సరిపెట్టుకొనక, కేసుల రిజిస్టరు నుండి ఒక క్రమంలో ఎంచుకొనవలెను. కొట్టివేసిన కేసులు, పెండింగు కేసులు వదిలివేస్తే ఫలితం ఒకవైపుకు ఒరుగుతుంది. సమాచార హక్కు చట్టం, 2005 ప్రకారం జవాబుకు సాధారణ గడువు 30 రోజులు. ఏడాది కోర్సులో నెల రోజులు తక్కువేమీ కాదు గనుక దరఖాస్తు తొలినాళ్లలోనే పెట్టుట మేలు.

చట్టం మూలాలను 1917 నాటి ఏజెన్సీ భూముల చట్టం వరకు వెదకే చారిత్రక పద్ధతి, ఒడిశా 1956 రెగ్యులేషన్‌తో పోల్చే తులనాత్మక పద్ధతి కూడా కలవు. ప్రశ్న కోరనిదే వాటిని అలంకారంగా చేర్చనవసరం లేదు.

ఇటువంటి పరిశోధనలను వార్తలలో ఉటంకించే పాత్రికేయులు ఎన్ని ఫైళ్లు, ఏ డివిజన్, ఏ సంవత్సరాలు అని చూడవలెను. ఒక్క డివిజన్ ఫలితం రాష్ట్రమంతటికీ వర్తించదు. బినామీ సాగు గురించి చెప్పిన రైతు పేరు దాచినా, సర్వే నంబరు ముద్రిస్తే ఊరిలో ఆయన ఎవరో ఇట్టే తెలిసిపోతుంది. ఆ నంబరు పరిశోధకుని నోట్‌బుక్‌లోనే ఉండవలెను.