పాత గోడలు, పనివారి కుటుంబములు

తాండవ నది యొడ్డుననున్న తుని ఒకప్పుడు జమీందారుల పట్టణము. అట్టి పట్టణములలోని దివాణములు, దేవళములు, వర్తకుల మండువా లోగిళ్ళు సిమెంటు రాకమునుపు సున్నముతో కట్టినవి. కట్టించినవారెవరన్నచో జమీందారు పేరు చెప్పుదుము. నిలిపినవారెవరన్నచో తాపీ మేస్త్రీల కుటుంబములను చెప్పవలెను. శిలాఫలకములపై వారి పేర్లు సాధారణముగా కానరావు. తాత వేసిన గచ్చును మనుమడు మరమ్మతు చేసెడివాడు. ఆ ఇంటి వృత్తిని గురించియే మేమిక్కడ ముచ్చటింపదలచితిమి.

సున్నపురాతినో గుల్లనో బట్టీలో కాల్చి, నీళ్ళు పోసి విరియించి, ఇసుకతో కలిపి గానుగలో నూరెడివారు. ఎద్దు తిప్పు రాతిచక్రము క్రింద నలిగిన ముద్దయే డంగు సున్నము. అందులో కరక్కాయలు నానిన నీరు, బెల్లపు నీరు కలుపుటయు కలదు. ఎంత నూరవలెనో, ఎన్నినాళ్ళు మాగవేయవలెనో చేతికి తెలియవలెనే కాని చెప్పిన తెలియదు. సున్నమునకు తొందర లేదు. గాలిలోని బొగ్గుపులుసు వాయువును కొద్దికొద్దిగా పీల్చుకొని అది మరల రాయిగా మారును. అట్టి గోడ తనలోని చెమ్మను వెలుపలికి విడుచును. దానిపై సిమెంటు పూసినచో చెమ్మకు దారి మూసికొనిపోవును. ఉప్పు పొంగి లోపలి ఇటుక పొడియగును. పైపూత మాత్రము కొంతకాలము నున్నగానే కనిపించును! సముద్రపు గాలి తగులు మన సీమలో ఈ కీడు మరింత త్వరగా జరుగును.

ఇది తెలిసిన చేతులు ఎందుకు తగ్గినవి? 1948 నాటి చట్టముతో జమీందారీలు రద్దయిన పిమ్మట, ఏటేట మరమ్మతు చేయించు దివాణములు లేకపోయినవి. సిమెంటు పని త్వరగా ముగియును. తండ్రికి చాలినంత పని లేని వృత్తిని కొడుకు నేర్చునా?

జపానులోని ఒసాకా నగరమున కొంగో గుమి అను సంస్థ కలదు. షితెన్నోజి బౌద్ధాలయమును కట్టుటకు కొరియానుండి వచ్చిన వడ్రంగి క్రీ.శ. 578లో దానిని స్థాపించెనని చెప్పుదురు. ఆలయము కాలినను కూలినను ఆ కుటుంబమే మరల కట్టుచు వచ్చినది. కొడుకు సమర్థుడు కానిచో, పనిమంతుడగు అల్లుని తెచ్చి తమ ఇంటిపేరు ఇచ్చెడివారు. ఇల్లరికపుటల్లుని మనము హాస్యములకు వాడుకొందుము. వారు వానితో వంశవృత్తిని కాపాడుకొనిరి. 1934లో తుపానుకు అయిదంతస్తుల గోపురము కూలినపుడు, భర్త మరణానంతరము పెత్తనము వహించిన యోషియె అను స్త్రీ దానిని పునర్నిర్మింపజేసెను. ఇంతటి సంస్థయు, భూముల వ్యాపారములో చేసిన అప్పులు మోయలేక, 2006లో వేరొక నిర్మాణ సంస్థ అధీనమైనది. పేరును, వడ్రంగులును నిలిచిరి. కుటుంబపు యాజమాన్యము పోయినది. నైపుణ్యమొక్కటే ఇంటిని నిలుపదు, లెక్కలును సరిపోవలెను.

కావున తునివంటి ఊళ్ళలో పాత లోగిలి గలవారు సిమెంటు బస్తాలు తెప్పించుటకు ముందు, సున్నపు పని యెరిగిన వృద్ధ మేస్త్రి చుట్టుప్రక్కల ఉన్నాడేమో విచారింపవలెను. ఉన్నచో ఆయనతోపాటు ఆయన మనుమనికిని కూలి యిచ్చి పిలువవలెను. పని మాఘమాసమున మొదలిడుట మేలు. ఎండలు ముదిరినచో పూత త్వరగా ఆరి బీటలు వారును.