గేర్‌బాక్స్ దించే ముందు...

మన వసతి గృహంలో పదో తరగతి చదివి, ఐ.టి.ఐ.లో మోటారు మెకానిక్ ట్రేడు పూర్తిచేసిన వాళ్ళం మేము. ఈ ట్రేడులో చేరాలనుకునే తమ్ముళ్ళు, చెల్లెళ్ళు "షెడ్డులో మొదట ఏం నేర్చుకోవాలి అన్నా?" అని అడుగుతుంటారు. విప్పడం కన్నా ముందు పరీక్షించడం నేర్చుకోవాలి. పాత అంబాసిడర్ కారులోని హైడ్రాలిక్ క్లచ్ ఇందుకు మంచి పాఠం.

ఇంగ్లండు కారు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్-3 నమూనాతో వచ్చిన అంబాసిడర్, 1950ల చివరి నుంచి 2014 వరకు కోల్‌కతా దగ్గరి ఉత్తరపారాలో తయారైంది. ఒకప్పుడు కలెక్టరు గారి కారూ అదే, పెళ్ళివారి టాక్సీ అదే. వాటిని ఇప్పటికీ ఇష్టంగా ఉంచుకున్నవారు ఉన్నారు.

ఎలా పనిచేస్తుంది?

సైన్సు పుస్తకంలోని పాస్కల్ నియమమే ఇక్కడా ఉంది. పెడల్ తొక్కితే మాస్టర్ సిలిండర్‌లోని పిస్టన్ ఆయిల్‌ను నెడుతుంది. ఆ ఒత్తిడి పైపు గుండా వెళ్ళి, గేర్‌బాక్స్ పక్కనున్న స్లేవ్ సిలిండర్ కడ్డీని తోస్తుంది. కడ్డీ ఫోర్కును, ఫోర్కు రిలీజ్ బేరింగును కదిలిస్తాయి. అప్పుడు క్లచ్ ప్లేటు మీద పట్టు వదులుతుంది. లెక్కకు మాస్టర్ పిస్టన్ వైశాల్యం 2, స్లేవ్‌ది 3 చదరపు సెంటీమీటర్లు అనుకుందాం. మాస్టర్ 3 సెంటీమీటర్లు కదిలితే స్లేవ్ 2 సెంటీమీటర్లే కదులుతుంది. పైపులో గాలి ఉంటే అదీ రాదు. ఆయిల్ నలగదు, గాలి నలుగుతుంది.

రెండు జబ్బులు వేరు

ఇంజను అరుస్తున్నా బండి లాగకపోతే క్లచ్ జారుతున్నట్టు. ప్లేటు అరిగినప్పుడు సాధారణంగా ఇలా అవుతుంది. పెడల్ పూర్తిగా తొక్కినా గేరు కరకరమంటూ పడకపోతే క్లచ్ వదలడం లేదన్నట్టు. ఈ రెండోదానికి కారణం చాలాసార్లు బయటే, ఆయిల్ దారిలోనే ఉంటుంది. దాన్ని చూడకుండా "ప్లేటు పోయింది" అని గేర్‌బాక్స్ దించితే, బండి యజమానికి డబ్బు దండగ, జబ్బు మాత్రం అలాగే ఉంటుంది.

వరుసగా చూడవలసినవి

1. డబ్బాలో ఆయిల్ మట్టం. పోసినా మళ్ళీ తగ్గుతుంటే ఎక్కడో కారుతున్నట్టే.

2. తడి. మాస్టర్ సిలిండర్‌లో పెడల్ కడ్డీ వైపు, పైపు జాయింట్లు, హోస్, స్లేవ్ రబ్బరు తొడుగు లోపల చూడాలి.

3. పెడల్. మెత్తగా ఉండి, నాలుగైదు సార్లు తొక్కితే గట్టిపడితే గాలి చేరినట్టు. తొక్కి పట్టుకుంటే మెల్లగా కిందికి జారుతూ, బయట తడి లేకపోతే, మాస్టర్ లోపలి రబ్బరు కప్పు ఒత్తిడి ఆపడం లేదని అనుమానించాలి.

4. స్లేవ్ కడ్డీ. ఇంజను ఆపి, చక్రాలకు అడ్డుపెట్టి, ఒకరు పెడల్ తొక్కుతుంటే మరొకరు కడ్డీ ఎంత కదిలిందో స్కేలుతో కొలవాలి. మాన్యువల్‌లో చెప్పినంత కదిలితే ఆయిల్ దారి బాగున్నట్టు. అప్పుడే లోపలి ఫోర్కు, బేరింగు, ప్లేటు సంగతి ఆలోచించాలి.

క్లచ్ జారుతున్నా ఒక పరీక్ష ఉంది. స్లేవ్ నిపుల్ కాస్త వదులు చేయగానే ఆయిల్ చిమ్మి, కడ్డీ వెనక్కి వస్తే, లోపల ఒత్తిడి నిలిచిపోయిందన్నమాట. హోస్ లోపల ఉబ్బి మూసుకుపోయినా, పెడల్‌కు ఫ్రీ ప్లే లేక ఆయిల్ తిరిగివచ్చే రంధ్రం తెరుచుకోకపోయినా ఇలా అవుతుంది. ప్లేటు మంచిదైనా జారుతుంది.

గాలి తీయడం

దీనికి ఇద్దరు కావాలి. నిపుల్‌కు గొట్టం తగిలించి, దాని కొస ఆయిల్ ఉన్న సీసాలో ముంచాలి. "తొక్కు" అన్నాక నిపుల్ తెరిచి, మూసిన తర్వాతే "వదులు" అనాలి. బుడగలు ఆగేవరకు ఇలా చేయాలి. మధ్యలో డబ్బా ఖాళీ అయితే మళ్ళీ మొదటికొస్తుంది.

ఇందులో బ్రేక్ ఆయిలే పోయాలి, ఇంజను ఆయిల్ పోస్తే రబ్బరు కప్పులు ఉబ్బి పాడవుతాయి. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, కాబట్టి చాలాకాలం మూత తీసి ఉంచిన డబ్బాలోది వాడకూడదు. పెయింటు మీద పడితే వెంటనే నీళ్ళతో కడగాలి. ఒట్టి జాకీ మీద నిలిపిన బండి కిందికి ఎట్టి పరిస్థితిలోనూ దూరవద్దు, స్టాండ్లు పెట్టండి.

తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా! బండి తెచ్చినవారికి లోపల ఏముందో తెలియదు, మన మాట నమ్ముతారు. రబ్బరు కిట్టుతో పోయే జబ్బుకు గేర్‌బాక్స్ దించిన కూలి తీసుకోవడం ఆ నమ్మకాన్ని అమ్ముకోవడమే. స్కేలుతో కొలిచి, కారణం చూపించి, ఆ తర్వాతే స్పానర్ పట్టండి. పనిలో మనకు పేరు తెచ్చేది అదే.

వార్షికోత్సవ శుభాకాంక్షలతో,
మోటారు మెకానిక్ ట్రేడు పూర్వ విద్యార్థులు