జానీ యునైటస్ : అమెరికా దేశపు క్వార్టర్‌బ్యాక్

ఫుట్‌బాల్ అనగానే మన విద్యార్థులకు కాలితో తన్నెడు గుండ్రని బంతి స్ఫురించును. అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఆ పేరు గల ఆట వేరు. అందలి బంతి కోలగా నుండి రెండు కొనలయందు మొనదేలి యుండును. దానిని చేతబట్టి పరుగెత్తవచ్చును, చేతితో విసరవచ్చును. కాలితో తన్నుట అరుదు. జట్టునకు పదకొండుగురు ఆటగాండ్రు. బంతి గల జట్టు నాలుగు యత్నములలో పది గజములు ముందునకు సాగవలెను. సాగినచో మరల నాలుగు యత్నములు లభించును. లేనిచో బంతి ఎదుటివారి పాలగును. బంతితో ప్రత్యర్థుల కొనగీత దాటుటను టచ్‌డౌన్ అందురు. దానికి 6 పాయింట్లు. బంతిని గోలుకంబముల నడుమకు తన్నినచో 3 పాయింట్లు.

ప్రతి యత్నమునందును సాధారణముగా బంతి మొదట క్వార్టర్‌బ్యాక్ అనువాని చేతికి వచ్చును. బలిష్ఠులైన ప్రత్యర్థులు తనను పడగొట్టుటకు మీదికి దూకుచుండగా, రెండు మూడు సెకండ్లలో బంతిని ఎవరికి అందీయవలెనో, ఎవరికి విసరవలెనో అతడే నిశ్చయింపవలెను. నేడు వ్యూహమును శిక్షకులే ఎంచి తెలుపుట వాడుక. జానీ యునైటస్ ఆడిన కాలమున అతడే దానిని ఎంచుకొనుచుండెను.

యునైటస్ 1933వ సంవత్సరము మే 7వ తేదీన పిట్స్‌బర్గ్ నగరమున జన్మించెను. అతని పూర్వులు లిథువేనియా దేశీయులు. తండ్రి ఇండ్లకు బొగ్గు చేరవేయు వ్యాపారము చేసెడివాడు. కుమారునికి ఐదేండ్ల ప్రాయముననే ఆయన మరణింపగా, తల్లి హెలెన్ కష్టించి పని చేసి బిడ్డలను పెంచెను. బాలుడు సన్ననివాడు. కళాశాలలో ఆడగోరి నోటర్‌డామ్ విశ్వవిద్యాలయమునకు పోగా, వారు ఇతని దేహము చాలదని త్రిప్పి పంపిరి. లూయీవిల్ విశ్వవిద్యాలయమువారు చేర్చుకొనిరి. అప్పటికి ఇతని బరువు సుమారు 145 పౌండ్లు, అనగా 66 కిలోలు మాత్రమే.

1955లో స్వస్థలమైన పిట్స్‌బర్గ్ నగరపు స్టీలర్స్ జట్టువారు ఇతనిని వృత్తి క్రీడాకారునిగా ఎన్నుకొనిరి. కాని ఒక్క పోటీలోనైన ఆడనీయక, పోటీల కాలము ఆరంభము కాకమునుపే తొలగించిరి. క్వార్టర్‌బ్యాక్ స్థానమునకు ఇతని బుద్ధి చాలదని శిక్షకుడు వాల్ట్ కీస్లింగ్ తలంచెనని ప్రసిద్ధి. అప్పటికే వివాహితుడైన యునైటస్ పగలు కట్టడపు పనులలో కూలికి కుదిరి, బ్లూమ్‌ఫీల్డ్ రామ్స్ అను చిన్న జట్టులో ఆటకు 6 డాలర్లకు ఆడుచుండెను.

1956లో బాల్టిమోర్ నగరపు కోల్ట్స్ జట్టు ఇతనిని చేర్చుకొనెను. ఆ యేడే మొదటి క్వార్టర్‌బ్యాక్ కాలు విరుగుటచే అవకాశము వచ్చినది. షికాగో జట్టుపై ఇతడు విసరిన మొదటి బంతినే ప్రత్యర్థి పట్టుకొని పరుగెత్తి టచ్‌డౌన్ చేసెను. కోల్ట్స్ 58–27 తేడాతో ఓడిరి. ఇంతటి దుశ్శకునముతో ఆరంభమైన క్రీడాజీవితములు పెక్కు లేవు.

ఇతని ప్రజ్ఞ బాహుబలమున కంటె కాలజ్ఞానమున నుండెను. రేమండ్ బెర్రీ అను సహచరుడు బంతిని అందుకొనువాడు. జట్టు అభ్యాసము ముగిసి అందరును వెళ్లిన పిమ్మట వీరిరువురు మైదానముననే నిలిచి సాధన చేసెడివారు. బెర్రీ ఎన్ని అడుగులు పరుగెత్తి ఎచ్చట తిరుగునో యునైటస్ ఎరుగును. కనుక అతడు తిరుగకమునుపే, ఎవరును లేని చోటికి బంతిని విసరును. బెర్రీ తిరుగుసరికి బంతి చేతికి వచ్చును. ప్రక్కనే ఉన్న ప్రత్యర్థికి అది తెలియుసరికి ఆలస్యమగును.

1958 డిసెంబరు 28న న్యూయార్కు నగరమందలి యాంకీ స్టేడియమున జెయింట్స్ జట్టుతో జరిగిన అంతిమ పోటీలో ఈ సాధన ఫలించినది. ఆట ముగియుటకు రెండు నిమిషములైనను లేవు. కోల్ట్స్ 14–17తో వెనుకబడి యుండిరి. బంతి వారి కొనగీతకు 14 గజముల దూరమున నుండెను. యునైటస్ వరుసగా మూడు మార్లు బెర్రీకే విసరి 62 గజములు గడించెను. 7 సెకండ్లు మిగిలియుండగా స్టీవ్ మైరా బంతిని గోలుకంబముల నడుమకు తన్ని పాయింట్లను సమము చేసెను. లీగు అంతిమ పోటీ అదనపు కాలమునకు పోవుట అదియే ప్రథమము. అందు ఎవరు ముందు పాయింటు గడించిన వారిదే జయము. కోల్ట్స్ 13 యత్నములలో 80 గజములు సాగి 23–17తో గెలిచిరి. గీత సమీపమునకు వచ్చిన పిదప కూడ యునైటస్ సాహసించి ఒక బంతిని విసరెను. ప్రత్యర్థి పట్టుకొన్నచో ఏమగునని అడిగినవారికి, తానేమి చేయుచున్నాడో తెలిసినవానికి అట్లు జరుగదని బదులు చెప్పెనట. ఆ మాట కొంత అతిశయమే. అతని క్రీడాజీవితమున 253 బంతులు ప్రత్యర్థుల చేత చిక్కినవి. ఆ పోటీని టెలివిజనులో సుమారు నాలుగున్నర కోట్లమంది చూచిరని అంచనా. వృత్తి ఫుట్‌బాల్ ఆ దేశమున ఇంటింటి వేడుక యగుటకు ఈ పోటీయే నాంది యని పలువురు చెప్పుదురు.

మరుసటి యేడును కోల్ట్స్ జట్టే విజేత. 1956 నుండి 1960 వరకు వరుసగా 47 పోటీలలో యునైటస్ టచ్‌డౌనునకు బంతి నందించెను. ఆ రికార్డును 2012లో గాని డ్రూ బ్రీస్ దాటలేదు. బంతి విసరి మొత్తము 40,000 గజములకు పైగా గడించినవారిలో యునైటస్ ప్రథముడు. 1973లో కోల్ట్స్ యాజమాన్యము ఇతనిని శాన్ డియేగో జట్టునకు ఇచ్చివేసెను. 1974లో ఆట విరమించెను.

1968లో కుడి మోచేతికి తగిలిన దెబ్బ అతనిని విడువలేదు. ముదిమిలో ఆ చేతివ్రేళ్లు పట్టు కోల్పోయినవి. గోల్ఫ్ ఆడునపుడు కర్రను చేతికి పట్టీతో బిగించుకొనవలసి వచ్చెను. ఈ వైకల్యమునకు పరిహారము కోరగా లీగు పింఛను నిధివారు నిరాకరించిరి. ఆ చేతి వలన లీగునకు కలిగిన లాభమును తలచినచో ఇది న్యాయమని చెప్పజాలము.

1984లో కోల్ట్స్ జట్టు బాల్టిమోర్ వీడి ఇండియానాపొలిస్ నగరమునకు తరలిపోయెను. యునైటస్ దానిని తన జట్టుగా మరి అంగీకరింపలేదు. 1996లో రేవెన్స్ అను క్రొత్త జట్టు బాల్టిమోరునకు రాగా, దాని ఆటలను చూచుటకు వచ్చుచుండెను.

ఇతడు సదా చీలమండలపైకి వచ్చు నల్లని బూట్లు తొడిగెడివాడు. 2002 సెప్టెంబరు 11న గుండెపోటుతో 69వ యేట మరణించెను. ఆ వారమే, లూయీవిల్ విశ్వవిద్యాలయముననే చదివిన రేవెన్స్ క్వార్టర్‌బ్యాక్ క్రిస్ రెడ్‌మన్ అట్టి నల్లని బూట్లు తొడిగి ఆడెను. నియమిత వేషమును ఉల్లంఘించెనని లీగువారు అతనికి 5,000 డాలర్ల జరిమానా విధించిరి.